బూట్లు మచ్చిక చేసిన మావ

మా మావ పోయిన రోజు వాళ్ళ అరుగు కింద బూట్లు బారులు తీరి ఉన్నాయి. సెలవు దొరికినవాడు దొరికినట్టు వచ్చేశాడు మరి. మిలటరీ వాళ్ళవి, పోలీసులవి, రైల్వే వాళ్ళవి, ఆఖరికి వైజాగులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉండే కుర్రాడివి కూడా. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. చావింటికి వస్తూ బూట్లకి పాలిష్ పెట్టుకునే ఊరు ఇంకోటి ఉందంటే నేను నమ్మను. మా పెద్దమ్మ కొడుకు బస్సు దిగి, దుమ్ముకొట్టుకుపోయిన బూట్లతో తిన్నగా వస్తున్నవాడు కాస్తా ఆ వరస చూసి గతుక్కుమన్నాడు. గడ్డివాము చాటుకెళ్ళి జేబురుమాలుతో తుడుచుకుని మరీ వచ్చాడు. వాణ్ణి తప్పు పట్టను. లోపల పడుకున్న మనిషి మీద మాకెవరికీ నమ్మకం లేదు. మురికి బూటు గుమ్మం దగ్గరికొస్తే ఆయన లేచి కూర్చుని తిట్టినా తిట్టగలడు.

మా అత్త ఏడుస్తూ బయటికొచ్చి ఆ వరస చూసింది. "ఒక్కసారి లేసి సూడయ్యా, నీ మందంతా వొచ్చీసినాది" అని గొల్లుమంది. మంద అన్నది మమ్మల్ని కాదు, బూట్లని.

మావ అంటే మా అమ్మకి అన్న. వంశధార పక్కన, శ్రీముఖలింగానికి నడిచి వెళ్ళొచ్చేంత దూరంలో మా ఊరు. అందరిలాగే ఆయనకీ కాస్త వరి, కాస్త పెసర, రెండు గేదెలు. మా ఊళ్ళో ఇంటికొకడైనా యూనిఫాం ఉద్యోగంలో ఉంటాడు. తెల్లారితే రోడ్డంతా పరుగు తీసే పిల్లలే. ఉద్యోగం వచ్చినవాడు మొదటి సెలవుకి ఇంటికొస్తే ముందు శ్రీముఖలింగం గుళ్ళో స్వామికి కొబ్బరికాయ కొడతాడు, ఆ తర్వాత కొత్త బూట్లు చంకలో పెట్టుకుని మావ దగ్గరికి వస్తాడు. ఎందుకంటే కొత్త బూటు కరుస్తుంది. దాన్ని కరవకుండా మచ్చిక చేసే మనిషి జిల్లా మొత్తానికి ఆయనొక్కడే అని మా ఊరి నమ్మకం. ఆయన నమ్మకమూ అదే. ఆ విషయంలో ఆయనకి మొహమాటం లేదు.

ఆ మచ్చిక చెయ్యడం చూసి తీరాలి. మొదటిరోజు బూట్లని తొడగడు. ఆముదం రాసి నీడన కూర్చోబెడతాడు. అవును, కూర్చోబెట్టడమే. ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని తానూ కూర్చుంటాడు. "కొత్త సోటు కదా, బెంగెట్టుకుంటాయి" అంటాడు. మర్నాడు రెండు జతల మేజోళ్ళు వేసుకుని వాటిని తొడిగి పొలం బయల్దేరతాడు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, చిరుగుల బనీను, నెత్తిన తువ్వాలు, కాళ్ళకి మాత్రం చీలమండలు దాటిన నల్ల మిలటరీ బూట్లు. ఆ వేషంతో గట్ల మీద టకటకా నడుస్తూ గేదెల్ని తోలుకెళ్ళేవాడు. గేదెలు ఆయన్ని పోల్చుకోలేక కంచెలు దూకి పారిపోయిన సందర్భాలున్నాయి. కొత్త బూట్లు వచ్చినప్పుడల్లా పాలు తగ్గిపోతున్నాయని మా అత్త ఏడుపు.

నడుస్తున్నంతసేపూ బూట్లతో మాట్లాడేవాడు. నేను ఒకసారి వెనకాల వెళ్తూ విన్నాను.

"ఒరే, ఈడు తల్లికి ఒక్కడేరా. రేపు మంచులో నడవాల. అక్కడ నువ్వు కరిసినావనుకో, ఆడు ఎవులికి సెప్పుకుంటాడు? అయినోలు ఎవులున్నారక్కడ? బుద్దిగుండాల. ఇన్నావా?"

కుడి బూటుకి చెప్పి, మళ్ళీ అదంతా ఎడమ బూటుకి చెప్పాడు.

పాలిష్ పెట్టేటప్పుడు మాత్రం నోరు మూత. ఎవరూ పలకరించకూడదు. ఫోన్ మోగితే అత్త ఎత్తి, "బూటు మీదున్నారు, తరవాత సెయ్యండి" అని పెట్టేసేది, అక్కడికేదో కలెక్టరు మీటింగులో ఉన్నట్టు. పాత పంచె ముక్కని వేలికి బిగించి చుట్టేవాడు. డబ్బాలోంచి గోరంత పాలిష్ తీసి, ఒక్క చుక్క నీళ్ళు వేసి, 'హా' అని ఊపిరి వదిలి, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ పోయేవాడు. చుట్టి చుట్టి మనకి చూస్తుంటేనే కళ్ళు తిరిగేవి. అందులో మొహం కనిపిస్తే ఆయనకి చాలదు. పళ్ళు కనిపించాలి. పళ్ళసందున ఇరుక్కున్న కరివేపాకు కనిపిస్తే అప్పుడు పాస్ అయినట్టు. ఒకరోజు బూటులో చూసుకుంటూ మీసం కత్తిరించుకుంటుండగా అత్త చూసింది. "గోడ మీది అద్దాన్ని ఎవులికైనా ఇచ్చీమంటావా?" అని అడిగింది. "ఇచ్చీ, అది మసకైపోనాది" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆయన తల ఎత్తడం అరుదు. ఎవరెదురైనా ముందు కాళ్ళు చూసేవాడు. అక్కడితో సరిపెట్టేసేవాడు. ఊళ్ళో సగంమందిని మడమ అరిగిన తీరు బట్టి గుర్తుపట్టేవాడు. మా పిన్ని పెళ్ళికి ఫొటోగ్రాఫరు తంటాలు పడి ఎన్ని ఫొటోలు తీసినా, ఒక్కదాంట్లోనూ ఆయన కెమెరా కేసి చూడలేదు. అన్నింట్లోనూ పెళ్ళికొడుకు కాళ్ళకేసే చూస్తున్నాడు.

ఇంత చేసిన మనిషి మిలటరీలో ఒక్కరోజు పనిచెయ్యలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆయన దాచుకోలేదు కూడా. ఆ కథ అడిగితే చాలు, ఎక్కడున్నా కూర్చుని చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు సెలక్షన్‌కి వెళ్ళాడట. "నా ఎత్తు నచ్చినాది, సాతీ నచ్చినాది, పరుగైతే ఆలే నోరెల్లబెట్టీసినారు. ఆకర్న ఒక డాక్టరు పాదాలు తడిపి సిమెంటు మీద ఎట్టమన్నాడు. ఎట్టినాను. పాదం పాదం మొత్తం అచ్చు పడిపోనాది. మద్దెన ఒంపు ఉండాలంట. నాకు నేదు. అట్టులాగ ఉన్నాది." అక్కడ ఆగి తన పాదాన్ని ఎత్తి అందరికీ చూపించేవాడు. నిజంగానే అట్టులాగ ఉండేది. "మిలట్రీకి నచ్చనేదు గానీ బూట్లకి నచ్చీసినాయి నా కాళ్ళు" అని పెద్దగా నవ్వేవాడు. అంత వెడల్పు పాదం దూరి నడిచాక ఏ బూటైనా సాగి దారికొస్తుందని మా ఊరి లెక్క. నవ్వేవాళ్ళం గానీ, ఆయన పాదం ఎత్తి చూపించినప్పుడల్లా నాకు ఆ డాక్టరు మీద ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

సరే, నా సంగతికొస్తాను. నాకు కానిస్టేబులు ఉద్యోగం వచ్చింది. ట్రైనింగులో బూట్లిచ్చారు. నా కాళ్ళేమో పెద్దవి, ఆ బూట్లేమో చిన్నవి. స్టోర్సులో ఆయన్ని అడిగితే, "ఆడవాళ్ళకి ఇంతకన్నా పెద్ద సైజు లేదమ్మా, కాళ్ళే అలవాటు పడతాయి" అన్నాడు. కాళ్ళు అలవాటు పడలేదు, పొక్కిపోయాయి. నేను నడుస్తుంటే వెనకాల పిల్లలు కోడిపుంజు వస్తోందని నవ్వేవాళ్ళు.

నవ్వితే నవ్వనీ. అసలు భయం పాసింగ్ అవుట్ పరేడ్. నేను మా జట్టులో అందరికన్నా పొడవు, అందుకని ముందు వరసలో కుడి చివర నిలబెట్టారు. ఆ చోటు ఎలాంటిదంటే, అక్కడి మనిషిని చూసుకునే మిగతా వరసంతా నడుస్తుంది. మా డ్రిల్ మేష్టారు ఖరాఖండీగా చెప్పేశాడు. "కుంటే కాలు నా పరేడ్‌లో కనపడకూడదు. కుంటేవాళ్ళు షామియానా పక్కన నిలబడి చప్పట్లు కొట్టుకోండి."

రెండు రోజుల సెలవు పెట్టి, బూట్లు పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. మా అమ్మ సంగతి విని గుండెలు బాదుకుంది. "నాను వ్యాను మాటాడీసినానే! ఊరోలందరూ వస్తన్నారు. నువ్వు సప్పట్లు కొడతంటే సూడ్డానికేటి అంతమందిమి రావడం?"

మావ బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని వంచి, అది చేసే చప్పుడు విన్నాడు. తొడగబోయాడు. వేళ్ళు దూరాయి, పాదం దూరలేదు. నూనె రాశాడు. దూరలేదు. ఆయన జీవితంలో ఒక బూటు ఆయన్ని కాదనడం అదే మొదలు. పైగా ఆడపిల్ల బూటు. పరువు పోయినట్టు కూర్చుండిపోయాడు. తర్వాత ఏదో తట్టి అత్తని పిలిచి ఆమెకి తొడిగించాడు. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేసింది. "ఇవి బూట్లా, పీతలా?" అని విసిరికొట్టింది.

"ఎట్టీసి ఎల్లవే గుంటా, నాను సూసుకుంటాను" అన్నాడు మావ. నేను పెట్టేసి వెళ్ళాను. బూట్లు బాగుచెయ్యడానికి ఇచ్చానని చెబితే డ్రిల్ మేష్టారు గొణుక్కుంటూ కాన్వాసు షూలతో ప్రాక్టీసుకి ఒప్పుకున్నాడు. పరేడ్ రోజున మాత్రం బూట్లు ఉండాల్సిందే అన్నాడు.

ఆ తర్వాత మా మావ ఏం చేశాడో వినండి. నానిన ధాన్యం ఉబ్బుతుంది కదా, ఉబ్బితే తోలు సాగుతుంది కదా అని బూట్ల నిండా ధాన్యం కూరాడు. నీళ్ళు పోశాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అది ఆకుమళ్ళు పోసే రోజులు. చేతికందిన ధాన్యం విత్తనం ధాన్యం. ఇక చేతులు వాటి అలవాటు అవి చూపించాయి. విత్తనాన్ని మొలకెత్తించడానికి మండె కడతామే, అచ్చం అలాగే బూట్ల మీద తడి గోనె కప్పి, గోనె మీద గడ్డి కప్పి, గేదెల సాల అటక మీద వెచ్చగా పెట్టాడు. "ఎవులూ ముట్టుకోకండి" అని అత్తకి చెప్పి, కొత్తవలసలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడు. మర్నాడే రావాల్సిన మనిషి. అక్కడ పెళ్ళికొడుక్కి కొత్త షూస్ కరిచేశాయట. ఇంకేముంది, వాటిని మచ్చిక చేస్తూ అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ వాన పట్టుకుంది. సాల కప్పు కారి, నా బూట్లకి వేళకి నీళ్ళు అందుతూనే ఉన్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం అత్త వీడియో కాల్ చేసింది. మొహం వేలాడేసుకుని ఉంది.

"ఓలే, ఏడవకు గానీ, నీ బూట్లు మొలిసీసినాయే."

నాకు అర్థం కాలేదు. ఫోన్ బూట్ల వైపు తిప్పింది. రెండు బూట్ల నిండా పచ్చటి నారు. పైనుంచి కుచ్చులా వచ్చింది చాలక, లేసులు దూర్చే కన్నాల్లోంచి కూడా ఒక్కొక్క మొలక తొంగి చూస్తోంది. వరసగా, సమంగా, మా జట్టుకన్నా బాగా నిలబడ్డాయి. తోలు మీద తెల్లగా బూజు. నేను బాత్రూంలోకి వెళ్ళి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. పరేడ్ ఇంకా వారమైనా లేదు.

ఆ సాయంత్రం మావ కొత్తవలస నుంచి దిగాడు. అత్త ఫోన్ చేసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఫోన్లోకి మొహం పెట్టి, నా కళ్ళలోకి చూసి, "గుంటా, బయపడకు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మొహం చూసి మాట్లాడడం అదే మొదటిసారి. దాంతో నాకు భయం రెట్టింపైంది.

"మావా, షామియానా పక్కనే నా బతుకు" అన్నాను.

"సంపీగల్ను, అలగనకు" అని పెట్టేశాడు.

ఆ నారుని మాత్రం అత్త పారెయ్యనివ్వలేదు. "ఇత్తనం ఏటి పాపం సేసినాది?" అని జాగ్రత్తగా పీకి, తీసుకెళ్ళి ఆకుమడి మూలన గుచ్చింది. వేర్లు కుట్లలోకి పోయి ఉంటే ఒక్కొక్కటీ సూదితో తీశారట. తర్వాత రోజుల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అడగడానికి ఫోన్ చేస్తే ప్రతిసారీ అత్తే ఎత్తింది. "బూటు మీదున్నారు" అనేది.

పరేడ్ రోజు పొద్దున్న ఊరివాళ్ళంతా వ్యానులో వస్తుంటే మావ ఎక్కలేదు. ఎవడో ఒకడు బూట్లు తొక్కుతాడని ఆయన భయం. ముందు బస్సుకే బయల్దేరాడు. బూట్లని మెత్తటి పంచెలో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాడట. పక్కన కూర్చున్న ముసలమ్మ సర్దుకుని చోటిచ్చి, ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టి, "ఎన్నో నెల బాబూ?" అని అడిగింది. ఈయన ఒక పక్క పంచె తొలగించి చూపించాడు. ఆవిడ అప్పట్నుంచి దిగేదాకా ఈయనతో మాట్లాడలేదు. ఇదంతా ఆయనే తర్వాత చెప్పాడు, ఆవిడకి బొత్తిగా మర్యాద తెలీదని.

గేటు దగ్గర మూట నా చేతిలో పెట్టాడు. విప్పాను. అవి నా బూట్లేనా అనిపించింది. మొలిచిన జాడ లేదు, బూజు జాడ లేదు. ముక్కు మీద నా పళ్ళు కనిపిస్తున్నాయి. కాలు పెట్టాను. మెత్తగా, మాట వినే పిల్లలా దూరిపోయింది. దగ్గరగా వంగితే కాస్త ఆకుమడి వాసన, అంతే.

పరేడ్‌కి ముందు డ్రిల్ మేష్టారు వరస తనిఖీ చేస్తూ నా దగ్గర ఆగిపోయాడు. వంగి చూశాడు. తన మొహం తను చూసుకుని మీసం సర్దుకున్నాడు.

"ఎవరు చేశారివి?"

"మా మావ, సార్."

"ఏ రెజిమెంటు?"

"వ్యవసాయం, సార్."

ఆయన నవ్వలేదు. ముందుకెళ్ళిపోయాడు. బ్యాండు మొదలైంది. మొదటి అడుగు వేసేటప్పుడు నా ప్రాణాలన్నీ మడమల్లోనే ఉన్నాయి. ఇప్పుడు కరుస్తుంది, ఇప్పుడు కరుస్తుంది అనుకుంటూనే షామియానా దాటేశాను. కరవలేదు. నా పక్కవాళ్ళంతా నన్ను చూసుకుని నడిచారు, నేను తిన్నగా నడిచాను. వందనం చేసే చోట ఓరకంట చూస్తే జనంలో మా అమ్మ ఫోన్ తిరగేసి పట్టుకుని ఏడవడం కనిపించింది. వీడియోలో ఆవిడ మొహమే వచ్చింది, నేను రాలేదు.

అయిపోయాక ఊరివాళ్ళంతా మీద పడ్డారు. ఫొటోలు, మిఠాయిలు, గోల. నేను మావ కోసం వెతుక్కుంటూ వెళ్ళాను. షామియానా వెనకాల గడ్డిలో కాళ్ళు చాపుకుని, పంచె పాదాల మీదికి దింపుకుని కూర్చున్నాడు.

"మావా, నడిసేనా? ఎలగున్నాను?"

"ఏటో, మొగం సూడనేదు" అన్నాడు. "మడమలు బాగున్నాయి. ఏదీ, కూకో. ఇప్పు."

అంతమంది ఆఫీసర్లు తిరుగుతున్న చోట నన్ను గడ్డిలో కూలేసి, తనే లేసులు విప్పి, మేజోళ్ళు లాగి, నా పాదాలు రెండూ ఎండకేసి తిప్పి చూశాడు. మడమ మీద వేలితో నొక్కాడు. చిటికెనవేలు పక్కన నొక్కాడు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వులో ముందుకి వంగేసరికి పంచె జరిగింది. ఆయన కాళ్ళు కనిపించాయి. రెండు మడమలకీ గుడ్డపీలికల కట్లు. వేళ్ళన్నిటికీ కట్లు. ఒక కట్టులోంచి నెత్తురు ఊరుతోంది. చెప్పులు కూడా వేసుకోలేక పక్కన విడిచి పెట్టుకున్నాడు. మొలకలు పీకిన దగ్గర్నుంచీ ధాన్యానికి కాస్త సాగిన ఆ చిన్న బూట్లలో ఆ అట్టుపాదాలు కూరుకుని పొలాలన్నీ తిరిగాడని అప్పుడు తెలిసింది.

"ఇదేటి మావా ఇదీ" అని ఏడ్చేశాను.

ఆయన పంచె కిందికి లాక్కుని కట్లు కప్పేసుకున్నాడు.

"ఏటీ నేదే" అన్నాడు. "నీకు రావలసినవే. నాకాడ ఉండనీ."